సర్దుకుపోవడం కాదు, సర్దిపెట్టడం

సముద్రం గురించి రాయడానికి నీకేం తెలుసని ఎవరైనా అడిగితే నా దగ్గర పెద్ద జవాబు లేదు. పుట్టింది సిరిసిల్ల, బీఏ చదివింది జగిత్యాల, కాపురం కోరుట్ల. మానేరు, గోదావరి, ఎస్సారెస్పీ కాలువ, ఇవీ నాకు తెలిసిన నీళ్లు. సముద్రాన్ని ఇంతవరకు రెండుసార్లే చూశాను. రెండుసార్లూ విశాఖపట్నంలోనే, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పాదాలు తడుపుకుని వచ్చేశాను. అయినా ఈ రెండు నెలలుగా మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయిపోయాక నేను చదువుతున్నదంతా ఒక్కటే సంగతి. ఓడ మునిగిపోయాక నడిసముద్రంలో తెప్ప మీద మిగిలిపోయి, నెలల తరబడి బతికి బయటపడ్డవాళ్ల కథలు.

దీనికి కారణం మా చిన్నోడు. వాడు 'లైఫ్ ఆఫ్ పై' సినిమా చూస్తుంటే నేనూ పక్కన కూర్చున్నాను. పుదుచ్చేరి పిల్లాడు, పులి, పడవ. తల్లిగా వేసింది మన హైదరాబాద్‌లో పుట్టిన టబు. సినిమా అయ్యాక వాడు ఫోన్‌లో ఏదో చూసి, "అమ్మా, ఈ సినిమాకు సలహాలిచ్చినాయన నిజంగనే డెబ్బయి ఆరు రోజులు సముద్రంల ఒక్కడే ఉన్నడట" అన్నాడు. అప్పటి నుంచి పట్టుకుంది నన్ను ఈ పిచ్చి.

ఈ కథలు ఎవరు చెప్పినా చివరికి ఒక్క మాట దగ్గరే ఆగుతారు. ఎంత ధైర్యం! ఎంత గుండె నిబ్బరం! నాకు ఆ మాటతోనే పేచీ. చదివినకొద్దీ వీళ్లలో నాకు ధైర్యం కంటే ఎక్కువగా కనపడింది ఇల్లు నడిపే తెలివి. దాంతోపాటు, వాళ్లకు కష్టం రాకముందే ఎవరో సర్దిపెట్టిన సామాను. ఈ రెండూ పక్కనపెట్టి ధైర్యాన్ని ఒక్కదాన్నే మెచ్చుకోవడం వల్ల మా దిక్కు ఆడవాళ్లకు చాలా నష్టం జరుగుతోందని నా అభిప్రాయం. ఎట్లాగో చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి.

ముందుగా పూన్ లిమ్ గురించి చెప్పాలి. చైనాలోని హైనాన్ దీవి మనిషి. బెన్ లోమండ్ అనే బ్రిటిష్ సరుకుల ఓడలో స్టివార్డు, అంటే ఓడలో వాళ్లకు వడ్డించేవాడు, వాళ్ల గదులు సర్దేవాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. 1942 నవంబర్ 23న దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో జర్మనీ జలాంతర్గామి ఆ ఓడను పేల్చేసింది. ఓడలో ఉన్న 54 మందిలో బతికింది ఈయన ఒక్కడే. రెండు గంటల సేపు నీళ్లల్లో కొట్టుకుని, చివరికి ఒక చెక్క తెప్ప దొరికితే ఎక్కాడు. ఎనిమిది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. మన ఇళ్లల్లో చిన్న వంటగది అంత. ఆ వంటగదిలో 133 రోజులు ఉన్నాడు. ఒంటరిగా తెప్ప మీద అంతకాలం బతికినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు.

తెప్ప మీద ఆయనకు దొరికినవి కొన్ని బిస్కెట్ డబ్బాలు, నలభై లీటర్ల మంచినీళ్లు, కొంచెం చాక్లెట్, చక్కెర ముద్దలు, ఒక టార్చి లైటు, మంట వెలిగించి గుర్తు చూపే కడ్డీలు. మొదట ఆయన చేసిన పని ఏమిటో తెలుసా? లెక్క కట్టడం. రోజుకు ఇన్ని గుక్కల నీళ్లు, ఇన్ని బిస్కెట్లు అని. నెలాఖరున బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి అడుగు తగులుతుంటే మనం కట్టే లెక్కే అది. సరిగ్గా ఈత రాదు కాబట్టి నిద్రలో దొర్లి నీళ్లల్లో పడకుండా చేతికి తాడు కట్టుకున్నాడు. రోజుల లెక్కకు తాడుకు ముడులు వేశాడు. కొన్నాళ్లకు అవి లెక్కపెట్టి లాభం లేదనుకుని పున్నములు లెక్కపెట్టుకున్నాడు. ఇది చదివినప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమెకు తారీఖులు తెలియవు, పున్నమి, అమాస, అంతే.

బిస్కెట్లు అయిపోవచ్చాయి. అప్పుడు టార్చిలోని తీగ ఊడదీసి గాలం చేశాడు. తాడు పేనిన జనుపనార విప్పి దారం చేశాడు. పెద్ద చేపలకు చెక్కలోంచి మేకు పీకి ఇంకో గాలం చేశాడు. బిస్కెట్ డబ్బా రేకును చాకు చేసుకున్నాడు. పడ్డ చేపను కోసి, తాడు మీద వేలాడదీసి ఎండబెట్టాడు. ఎండు చేపలు! మన సంతలో అమ్మే ఎండు చేపలే. లైఫ్ జాకెట్ గుడ్డ విప్పి వాన నీళ్లు పట్టాడు. ఒకసారి తుఫాను వచ్చి ఎండబెట్టిన చేపలు, దాచిన నీళ్లు మొత్తం పాడుచేసింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు, ఒక పక్షిని పట్టుకుని దాని నెత్తురుతో గొంతు తడుపుకుని. ఒక సరుకుల ఓడ దగ్గరగా వచ్చి, తనను చూసి కూడా ఆగకుండా పోయిందని ఆయన తర్వాత చెప్పాడు. విమానాలు చూశాయి, కానీ ఆ వెంటనే తుఫాను వచ్చి తెప్పను ఎటో కొట్టుకుపోయింది.

1943 ఏప్రిల్ 5న బ్రెజిల్ తీరం దగ్గర చేపలు పట్టేవాళ్ల కుటుంబం ఆయనను పడవలోకి ఎక్కించుకుంది. ఒడ్డుకు చేరాక తన కాళ్ల మీద తనే నడిచాడట. ఇంగ్లండ్ రాజు మెడల్ ఇచ్చాడు. ఈ రికార్డును ఎవరూ దాటే అవసరం రాకూడదని ఆయన అన్నాడని చదివాను. ఆ మాట నాకు మెడల్ కంటే గొప్పగా అనిపించింది.

ఇక్కడ మీరొక్కటి గమనించండి. ఆ ఓడలో పెద్ద ఆఫీసర్లు ఉన్నారు, సముద్రం లోతుపాతులు తెలిసినవాళ్లు ఉన్నారు. వాళ్లకు తెప్ప దొరకలేదు, అది వాళ్ల దురదృష్టం. కానీ తెప్ప దొరికినవాడు గదులు సర్దేవాడు కావడం ఊరికే పోలేదని నేను అనుకుంటాను. ఏ వస్తువునూ పారేయకుండా ఇంకోదానికి వాడటం, ఈ పూటది చూస్తూనే రేపటిది దాచడం, పాడైతే ఏడుస్తూ కూర్చోకుండా మళ్లీ ఎసరు పెట్టడం, ఇవన్నీ ఆ పని చేసేవాళ్లకు చేతికి అలవాటైపోతాయి.

నీళ్ల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మా అత్తమ్మ మొదట అడిగింది అదే. "చుట్టు నీళ్లే ఉండంగ దూపకు సచ్చుడేందే?" అంది. సముద్రం నీళ్లు లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు. మన నెత్తురులో ఉండే ఉప్పు లీటరుకు తొమ్మిది గ్రాములంత. తాగిన ఉప్పును బయటికి పంపాలంటే మూత్రపిండాలకు ఇంకా నీళ్లు కావాలి, అవి ఒంట్లోంచే తీసుకుంటాయి. అంటే తాగినకొద్దీ ఇంకా ఎండిపోతాం. తెప్పల్లో పెట్టే సూచనల్లో ఇంకో విచిత్రం ఉంటుంది. దెబ్బలు తగలనివాళ్లు మొదటి రోజంతా నీళ్లు ముట్టకూడదు. ఒంట్లో అప్పటికే ఉన్న నీళ్లు ఎక్కువై మూత్రంగా పోతాయి కాబట్టి ఆ రోజు తాగింది వృథా. రెండో రోజు నుంచి అర లీటరు చొప్పున. ఇంకా, నీళ్లు లేనప్పుడు చేపలు ఎక్కువ తినకూడదు, అరగడానికి నీళ్లు పడతాయి. ఎండాకాలం నల్లా నాలుగు రోజులకోసారి వచ్చినప్పుడు తాగడానికి ఒక బిందె, వంటకు ఒక బిందె, బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు అని విడదీసి గడిపిన మనకు ఈ లెక్క చెప్పాల్సిన పనే లేదు.

ఒంటరిగా బతికినవాళ్లే కాదు, మొగుడూ పెళ్లాలు తెప్పలో చిక్కుకున్న కథ కూడా ఉంది. ఆడవాళ్లం తప్పకుండా చదవాల్సిన కథ. మారలిన్ బెయిలీ, మోరిస్ బెయిలీ అనే ఇంగ్లండ్ జంట. ఇల్లు అమ్మి పడవ కట్టించుకుని బయలుదేరారు. 1973 మార్చిలో పసిఫిక్‌లో ఒక తిమింగలం పడవకు గుద్దుకుంది. గాలి తెప్ప, దానికి కట్టిన చిన్న పడవ, ఈ రెండింటి మీద 117 రోజులు. మారలిన్‌కు ఈతే రాదు. చేపలకు గాలాలు దేంతో చేసిందో చెప్పుకోండి. పిన్నీసులతో! మన గాజులకు వేలాడే పిన్నీసులు, చెప్పు తెగితే పెట్టుకునే పిన్నీసులు. ఈ ముక్క చదివి నేను గట్టిగా నవ్వాను, మా ఆయన లోపలి నుంచి ఏమైందని అడిగాడు.

మోరిస్ కొన్ని వారాలకే జబ్బుపడి, మనసు కుంగి, ఆశ వదిలేశాడు. ఆమె కాగితాలు కత్తిరించి పేక ముక్కలు చేసి ఆయనను ఆడించింది. ఇంటికి పోయాక ఎవరిని భోజనానికి పిలవాలి, ఏమేం వండాలి అని పుస్తకంలో రాసుకుంది. మళ్లీ కట్టించబోయే పడవకు బొమ్మ గీసింది. ఓడలు కనపడ్డాయి, ఆగకుండా పోయాయి. చివరికి జూన్ 30న దక్షిణ కొరియా చేపల ఓడ వాళ్లను చూసింది. వాళ్లు నిజంగానే మళ్లీ పడవ కట్టించుకుని సముద్రం మీదికి పోయారు. మా అత్తమ్మ దీనికి "బుద్ధి లేదు" అంది. నేనేం అనలేదు.

సినిమాకు సలహాలిచ్చిన ఆయన పేరు స్టీవెన్ కాలహన్, అమెరికన్. 1982 ఫిబ్రవరిలో అట్లాంటిక్‌లో ఒంటరిగా పోతుంటే రాత్రిపూట ఏదో గుద్దుకుని పడవ మునిగింది. గాలి తెప్పలోకి దూకాడు. తర్వాత మునుగుతున్న పడవలోకి మళ్లీ మళ్లీ దిగి, ముందే సర్దిపెట్టుకున్న ఎమర్జెన్సీ సంచి, పరుపు సంచి, ఇంకా కొన్ని వస్తువులు పైకి తెచ్చుకున్నాడు. ఎండ వేడికి ఉప్పునీళ్లను ఆవిరి చేసి మంచినీళ్లు పట్టే బెలూన్ లాంటివి ఆయన దగ్గర మూడు ఉన్నాయి. వాటితో కుస్తీపట్టి రోజుకు అర లీటరు దాకా సంపాదించాడు. మధ్యలో తెప్ప చిరిగింది. దాన్ని బాగుచేయడానికి దాదాపు పది రోజులు పట్టింది. కట్టేవాడు, ఊడేది. మళ్లీ కట్టేవాడు. ఆయనను ఎట్లా కనిపెట్టారో వింటే ఆశ్చర్యమేస్తుంది. తెప్ప కింద నీడకు చేపలు చేరాయి. ఆయన కోసి పారేసిన పేగుల కోసం పక్షులు వచ్చాయి. ఆ పక్షులు తిరగడం చూసి, అక్కడ చేపలుంటాయని గ్వాడెలూప్ దీవుల దగ్గర జాలర్లు పడవ తిప్పారు. డెబ్బయి ఆరో రోజు అది.

కాలహన్ సంచిలో ఒక పుస్తకం కూడా ఉంది. నా దృష్టిలో ఈ కథలన్నిటికీ గుండెకాయ అదే. ఆ పుస్తకం రాసింది డుగల్ రాబర్ట్‌సన్ అనే స్కాట్లండ్ మనిషి. 1972లో ఆయన, భార్య లిన్, ముగ్గురు కొడుకులు, వెంట వచ్చిన ఒక కుర్రాడు, ఆరుగురూ పసిఫిక్‌లో 38 రోజులు తెప్ప మీదా చిన్న పడవలోనూ బతికారు. లిన్ నర్సు. పడవ అడుగున చేరిన వాన నీళ్లు తాబేలు నెత్తురు కలిసి తాగడానికి పనికిరాకుండా పోతే, వాటిని వృథా చేయకుండా ఎనీమా రూపంలో ఎక్కించింది. పేగులు నీళ్లు పీల్చుకుంటాయని ఆమెకు తెలుసు. ఒడ్డుకు చేరాక డుగల్ తమ అనుభవమంతా వాడి, ఓడ మునిగితే ఏం చేయాలో ఒక కైపుస్తకం రాశాడు. పదేళ్ల తర్వాత ఇంకో సముద్రంలో ఇంకో మనిషి ఆ పుస్తకం తెప్పలో పెట్టుకుని చదువుకుంటూ బతికాడు. కాలహన్ ఒంటరిగా ఉన్నాడని అంటాం. నిజమే. కానీ లిన్ రాబర్ట్‌సన్ లాంటి ఒక ఆడమనిషి పడ్డ కష్టం ఆ సంచిలో మడతపెట్టి ఉంది.

ఓడల మీద ఉండే గాలి తెప్పల్లో సామాను ఎవరి దయ మీదా ఉండదు, చట్టం ప్రకారం ఉంటుంది. 1912లో టైటానిక్ మునిగినప్పుడు దాని మీద 2,200 మంది దాకా ఉంటే పడవల్లో చోటు 1,178 మందికే. పదిహేను వందల మందికి పైగా పోయారు. ఆ తర్వాత 1914లో దేశాలన్నీ కూర్చుని సముద్రం మీద ప్రాణరక్షణకు ఒప్పందం రాసుకున్నాయి, ఇంగ్లీషులో సోలాస్ అంటారు. ఎన్నోసార్లు మార్చారు, ఇప్పటికీ అదే నడుస్తోంది. దూరం పోయే ఓడల తెప్పలో మనిషికి లీటరున్నర నీళ్లు, బిస్కెట్లు, గాలం, నీళ్లు తోడే గిన్నె, స్పాంజి, ఈల, అద్దం, టార్చి, మందుల పెట్టె ఉండాలి. వాంతులకు మాత్రలు, తలా ఒక సంచి కూడా! అది చదివి, ఈ జాబితా రాసినవాళ్లలో ఎవరో పిల్లలతో బస్సు ప్రయాణం చేసినవాళ్లే ఉంటారనుకున్నాను. ఓడ మునిగేటప్పుడు ఎవరూ కట్లు విప్పలేకపోయినా, నాలుగు మీటర్ల లోతుకు పోయేలోపు నీళ్ల ఒత్తిడికి దానంతటదే కట్టు తెగి తెప్ప పైకి తేలేలా అమర్చుతారు. ప్రయాణికుల ఓడ అయితే బయలుదేరేముందే, లేదా బయలుదేరిన వెంటనే, అందరినీ నిలబెట్టి మునిగితే ఎటు పోవాలో చూపిస్తారు. బయలుదేరే వేళ ఆ అపశకునం మాటలేంటని అక్కడ ఎవరూ అనరు.

మన తెలుగు పిల్లల సంగతీ ఇంతే. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి తారిణి అనే తెరచాప పడవలో నౌకాదళం ఆఫీసర్లు ఆరుగురు ఆడపిల్లలు భూమి చుట్టి రావడానికి బయలుదేరారు. అందులో పాతర్లపల్లి స్వాతి విశాఖపట్నం అమ్మాయి, బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాద్ అమ్మాయి. 17 మీటర్ల పడవ, 254 రోజులు, 2018 మే 21న తిరిగొచ్చారు. దారిలో స్టీరింగ్ పాడైతే మారిషస్‌లో ఆగి బాగు చేయించుకున్నారు. అందరూ వాళ్ల సాహసం గురించే రాశారు. అంతకుముందు ఏళ్ల తరబడి ఇంకో పడవ మీద చేసిన శిక్షణ గురించి రెండు వాక్యాలు రాసి వదిలేశారు. నాకైతే ఆ రెండు వాక్యాలే కావాలనిపించింది.

మీకు తెలుసో లేదో, సముద్రమే లేని మన తెలంగాణలో, హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. సముద్రంలో తప్పిపోయిన పడవో, తెప్పో, మనిషో గాలికి, నీటి వాలుకు ఎటు కొట్టుకుపోయి ఉంటారో లెక్క కట్టి చెప్పే సాధనం వాళ్లు 2016లో తయారుచేశారు. పేరు సారట్. చివరిసారి ఎక్కడ కనపడ్డారు, ఎన్ని గంటలకు, పడవలోనా నీళ్లల్లోనా అని చెబితే ఎక్కడ వెతకాలో చూపిస్తుంది. కానీ ఆ చివరి చోటు ఎవరో ఒకరు చెప్పాలి. ఎక్కడి నుంచి తప్పిపోయాడో తెలియనివాణ్ని ఏ యంత్రం వెతుకుతుంది?

ఈ మాట దగ్గరే నాకు మా దిక్కు ఆడవాళ్లు గుర్తొచ్చారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఎక్కడ చూసినా ప్రతి వాడకట్టులో గల్ఫ్ పోయినవాళ్ల ఇళ్లుంటాయి. ఒక ఆడమనిషి, పిల్లలు, ముసలివాళ్లు, నెలకోసారి వచ్చే పైసలు. మా పాత కిరాయి ఇంటి పక్కన ఒక వదినె ఉండేది. ఆమె భర్త పోయిన రెండో ఏడు నుంచి ఫోను లేదు. మనిషి ఉన్నాడో లేడో తెలియదు. ఆమె తునికాకు కత్తిరించి, బీడీలు చుట్టి, వెయ్యికి వెయ్యి లెక్క అప్పజెప్పి ఇద్దరు ఆడపిల్లలను సాకింది. అందరూ "గట్టిది, మగరాయుడు" అని మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నదాన్నే. కానీ ఆమె ఆయన ఫొటో పట్టుకుని ఆఫీసులకు పోయినప్పుడు అడిగిన మొదటి ప్రశ్న, కంపెనీ పేరేంటి? ఆమెకు తెలియదు. పాస్‌పోర్టు నంబరు? తెలియదు. పంపిన ఏజెంటు అప్పటికే ఫోన్ నంబరు మార్చేశాడు. ఏ దేశమో, ఏ ఊరో, అంతే తెలుసు ఆమెకు. ధైర్యం ఆమెకు ఎంత కావాలంటే అంత ఉంది. తెప్పలో ఎవరూ ఏమీ పెట్టలేదు, అంతే.

ఇప్పుడు మా ఇంటి సంగతి. సిరిసిల్లలో మా తమ్ముడు సాంచాల మీద పనిచేసేవాడు. పని పలుచబడింది, చిట్టీలు, అప్పులు. వచ్చే నెల దుబాయ్ పోతున్నాడు. పోయిన ఆదివారం నేను పోయి వాణ్నీ, మరదల్నీ కూర్చోబెట్టి అడగాల్సినవన్నీ అడిగాను. ఏ వీసా? విజిట్ వీసా మీద పంపి తర్వాత మారుస్తామంటే ఒప్పుకోవద్దు అన్నాను. ఎందుకంటే పదో తరగతి పాస్ కానివాళ్లకు ఇచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టు మీద పద్ధతిగా ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో పోతే ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో ప్రాణం పోయినా, పూర్తిగా పనికిరాకుండా అయినా పది లక్షలు. కట్టాల్సింది రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పైన టాక్సు. విజిట్ వీసా మీద పోతే ఆ లెక్కలోకే రాడు. ఇది ఎంతమందికి తెలుసు? ఏజెంటుకు తెలుసు, చెప్పడు.

పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం, మూడింటి జిరాక్సులు మరదలి దగ్గర ఉండాలి అన్నాను. కంపెనీ పేరు ఇంగ్లీషులో, అరబ్బీలో ఎట్లుంటే అట్ల ఫొటో తీసి పంపాలి. అక్కడికి పోయాక గది ఎక్కడో లొకేషన్ పంపాలి, గది మారితే మళ్లీ పంపాలి. అదే గదిలో ఉండే ఇద్దరి నంబర్లు కావాలి. పంపే పైసలు మరదలి ఖాతాలో పడాలి, నామినీ ఆమె పేరు. అప్పులు ఎవరికెంతో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి, ఎందుకంటే ఏదన్నా జరిగితే వెంటనే వాకిట్లోకి వచ్చేది అప్పులవాళ్లే. రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఐదు లక్షలు ఇస్తామంది. మంచిదే. దానికి కూడా ముందు చూపాల్సింది కాగితాలే.

నేను ఇంత చెప్తుంటే మా అమ్మ బీడీల చాట పక్కకు పెట్టి లేచింది. "పిలగాడు బయటెల్లేముంగట గివేం మాటలే? నోట్ల నుంచి మంచి మాట రాదా నీకు?" అంది. ఆమె బాధ నాకు అర్థమవుతుంది. మా నాన్న పోయినప్పుడు ఇంట్లో బ్యాంకు పుస్తకం ఎక్కడుందో కూడా ఆమెకు తెలియదు. అయినా ఎట్లనో నెట్టుకొచ్చింది, అందుకే ఎట్లనో నెట్టుకురావచ్చని నమ్ముతుంది. మన ఇళ్లల్లో ఆడపిల్లకు పెళ్లి నాడు చెప్పేది సర్దుకుపోవాలనే. సర్దిపెట్టుకో అని ఎవరూ చెప్పరు. ఆ మాట చెబితే చెడు కోరినట్టు చూస్తారు. ఓడ కట్టేవాడు తెప్ప పెట్టినంత మాత్రాన ఓడ మునగాలని కోరుకున్నట్టా?

కొంతమంది మగవాళ్లకు ఇంకో భయం ఉంటుంది, పైకి చెప్పరు. ఖాతా ఆమె పేరున ఉంటే, కాగితాలు ఆమె చేతిలో ఉంటే తమ మాట చెల్లదేమోనని. మా తమ్ముడు కూడా ముందు "అన్నీ నీకెందుకు, నేను చూసుకుంట కదా" అని భార్య మీద కసిరాడు. దుబాయ్ నుంచి ఎట్లా చూసుకుంటాడో నాకు చెప్పమన్నాను. మరదలు అప్పటిదాకా తల వంచుకుని కూర్చుంది, మెల్లగా అంది: "వదినె, కంపెనీ పేరు నాకు ఇంగ్లీషుల రాసుడు నేర్పు. చూసి చదువుడు గాదు, రాసుడు."

ఆ రోజు సాయంత్రం ఆమెతో పదిసార్లు రాయించాను. మూడోసారికే తప్పు లేకుండా రాసింది, అయినా పదీ పూర్తి చేసింది. జిరాక్సులు ప్లాస్టిక్ కవరులో చుట్టి పప్పుల డబ్బా అడుగున పెట్టింది. తమ్ముడు విజిట్ వీసా ఏజెంటును వదిలేసి, కోరుట్లలో ఇంకొకాయన దగ్గర కనుక్కుంటున్నాడు. దానికి ఇంకో పదిహేను రోజులు ఆలస్యమవుతుందట. ఆ పదిహేను రోజుల మిత్తి లెక్క కట్టి మా అమ్మ నాకు ఫోన్ చేసి చెప్పింది, ఆ తర్వాత ఇంకేం మాట్లాడకుండా పెట్టేసింది.